కోలారు గనుల నుండి కంప్యూటరు వరకు: ధ్వని సంధుల చరిత్ర

మన వ్యాకరణమున రెండు పదములు కలిసికొను చోటికి సంధి యని పేరు. విడివిడిగా పలికినపుడు పదముల రూప మొకటి. కలిపి పలికినపుడు వేరొకటి. ఏ యచ్చు నిలుచునో, ఏది లోపించునో తెలుపునది సంధిసూత్రము. విద్యుత్తు మూలమున ధ్వనిని మోయు యంత్రముల విషయమునను ఇదే న్యాయము చెల్లును. కంప్యూటరు మేలైనదే కావచ్చును, యాంప్లిఫయరు మేలైనదే కావచ్చును. కాని ఆ రెంటిని కలుపు తీగయు, ఆ తీగ చేరు రంధ్రమును, రెండు వైపుల నిర్ణయించిన బలమును పొసగనిచో పలికిన పలుకు వినబడదు, పలుకనిది వినబడును.

ఈ సంధి యెట్లు పుట్టినది, ఎట్లు పెరిగినది, నేడు దానిని ఎట్లు కుదుర్చుకొనవలెను అను మూడు విషయములను కోలారు బంగారు గనుల చరిత్ర నాధారముగా గొని పరిశీలించుట ఈ వ్యాసమున కుద్దేశము. గనులను గూర్చి చెప్పునపుడు బంగారమును, లోతును, కార్మికుల కష్టమును చెప్పుట పరిపాటి. వినికిడిని గూర్చి విడిగా చెప్పుట అరుదు. కాని ఆ చీకటిలో కంటికన్న చెవియే ఎక్కువగా మనిషిని కాపాడినది.

1. గనియందలి సంకేతములు

బంగారుపేట నుండి మారికుప్పమునకు పోవు రైలుమార్గమున కోరమండల్, ఊరిగాము, చాంపియన్ అను స్టేషనులు వచ్చును. ఈ పేర్లన్నియు గనులతో ముడిపడినవే. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ అను ఆంగ్ల సంస్థ ఇచ్చట పని చేపట్టినది. 1902లో కావేరి మీది శివసముద్రము నుండి సుమారు 147 కిలోమీటర్ల పొడవైన తీగలమీద విద్యుత్తు ఈ గనులకు వచ్చినది. 1956లో మైసూరు ప్రభుత్వము, 1962లో కేంద్ర ప్రభుత్వము గనులను స్వీకరించినవి. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ లిమిటెడ్ ఏర్పడినది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడినవి. అప్పటికి తవ్వకము 3 కిలోమీటర్ల లోతును దాటి యుండెను.

ఈ పేటలలో తమిళులు, తెలుగువారు, కన్నడిగులు ఇరుగుపొరుగుగా బ్రదికిరి. కోలారు సీమలో తెలుగు నేటికిని ఇంటిభాషగా, భజనల భాషగా నిలిచియున్నది. కైవారము నారాయణప్ప తత్త్వములు తెలుగులోను కన్నడములోను వెలసిన సీమ యిది. కాని గనిలోనికి దిగినవారి కందరకును భాష యొక్కటే. అది గంట భాష.

కేజిని దింపు యంత్రమును నడుపువాడు నేలమీద నుండును. కేజిలోని మనుష్యులు అతనికి కనబడరు, వారి కేక అతనికి వినబడదు. అందుచేత గంటదెబ్బల సంఖ్యయే మాటయైనది. ఇన్ని దెబ్బలకు పైకి లాగవలెను, ఇన్నిటికి క్రిందికి విడువవలెను, మనుష్యులెక్కునపుడు వేరొక సంకేతము. ఈ పద్ధతిలో రెండు గుణములున్నవి. మొదటిది, పంపువాడును గ్రహించువాడును ముందుగా ఒక ఒప్పందమునకు వచ్చియుండుట. రెండవది, మధ్యనున్న దారి నమ్మదగినదై యుండుట. ఒప్పందము తప్పినను, దారి తప్పినను ప్రాణహాని. నేటి కంప్యూటరు నుండి యాంప్లిఫయరునకు పోవు ధ్వనికిని ఈ రెండే ఆధారములు.

2. శిల పలుకును వినుట

లోతునకు పోయినకొలది శిలపై పడు ఒత్తిడి పెరుగును. తవ్విన ఖాళీల చుట్టునున్న రాయి ఆ ఒత్తిడికి తాళలేక ఒక్కసారిగా పగిలి చిమ్మును. దీనిని రాక్‌బరస్టు అందురు. తెలుగున శిలాస్ఫోటము అనవచ్చును. కోలారు గనులు లోకమున శిలాస్ఫోటములకు పేరుపడిన గనులలో నొకటి. పెద్ద స్ఫోటము జరిగినపుడు పైనున్న పేటలలో ఇండ్లును అదరెడివి.

శిల పగులుటకు ముందు సన్నగా పలుకుట కలదు. పూర్వపు గనిపనివాడు ఇనుపకడ్డీతో పైకప్పును తట్టి చూచును. గట్టి రాయి ఖంగుమనును; వదులైన రాయి బోలుగా మ్రోగును. ఆ భేదము చెవికి తెలిసినవాడు బ్రదికెను. ఇది యంత్రములు లేని కాలపు పరీక్ష. తరువాత ఇరవయ్యవ శతాబ్ది పూర్వభాగముననే ఈ గనుల నేలమీద భూకంపలేఖిని నిలిపి స్ఫోటములను నమోదు చేయనారంభించిరి. నేలమీది ఒక యంత్రము స్ఫోటము జరిగినదని చెప్పగలదు. లోపల ఎక్కడ జరిగినదో చెప్పజాలదు.

1970ల చివర భాభా అణుపరిశోధన కేంద్రపు సహకారముతో జియోఫోనుల జాలము ఇచ్చట ఏర్పడినది. జియోఫోను అనగా స్ప్రింగునకు వ్రేలాడు తీగచుట్ట, దాని చేరువ ఒక అయస్కాంతము. నేల కదలినపుడు ఆ రెంటి మధ్య కదలిక కలిగి తీగచుట్టలో స్వల్పమైన విద్యుత్తు పుట్టును. మైక్రోఫోను గాలి కదలికను ఎట్లు విద్యుత్తుగా మార్చునో, ఇది నేల కదలికను అట్లు మార్చును. పలుచోట్ల నిలిపిన జియోఫోనులకు ఒకే స్ఫోటపు తరంగము వేరువేరు క్షణములలో చేరును. ఆ కాలభేదములను గణించి స్ఫోటస్థానమును నిర్ణయింతురు. ఈ లెక్కకు కంప్యూటరు తోడుపడినది. 1988లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ రాక్ మెకానిక్స్ అను సంస్థ కోలారు గనులయందే స్థాపింపబడి ఈ విద్యను కొనసాగించినది.

ఇచ్చట సంధి విలువ స్పష్టపడును. గట్టి శిలలో తరంగము సెకనుకు సుమారు 6 కిలోమీటర్లు పోవును. అనగా వేయింట ఒక వంతు సెకను పొరబాటు 6 మీటర్ల పొరబాటగును. తీగలో చేరిన మోటారుల రొద తరంగపు మొదటి కదలికను కప్పివేసినచో ఆ క్షణము దొరకదు; క్షణము దొరకనిచో స్థానము దొరకదు. అందుచేత ఇట్టి వ్యవస్థలలో పాటింపవలసిన నియమములు మూడు. బలహీనమైన సంకేతమును పుట్టినచోటనే పెంచి తరువాత దూరము పంపవలెను. రెండు తీగలను పెనవేసి, రెంటిపై సమముగా పడిన రొదను చివర తీసివేయవలెను. యాంప్లిఫయరు ఎంత బలమును భరించునో అంతకు మించకుండ సంకేతమును అమర్చవలెను. ఈ మూడు నియమములును మన ఇంటి పాటకు, సభామందిరపు మైకునకు అక్షరాల వర్తించును.

ఈ గనులలోనే వేరొక వినికిడియు జరిగినది. 1965లో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రిసర్చి, జపానునందలి ఒసాకా సిటీ విశ్వవిద్యాలయము, ఇంగ్లండునందలి డరహాము విశ్వవిద్యాలయము కలిసి సుమారు 2.3 కిలోమీటర్ల లోతున వాతావరణ న్యూట్రినోల జాడను పట్టినవి. నేలమీద విశ్వకిరణముల రొద అధికము. ఆ రొదను పైనున్న శిల అడ్డగించుటచేతనే ఆ సన్నని జాడ తెలిసినది. సంకేతమును పెంచుటకన్న రొదను తగ్గించుట మేలను సత్యమునకు ఇంతకన్న గొప్ప ఉదాహరణము మరొకటి దొరకదు.

3. టెలిఫోను ప్లగ్గు నుండి కెంపు తెలుపు తీగల వరకు

నేటి ధ్వనితీగల వంశవృక్షమునకు మూలము టెలిఫోను. 1876లో అలెగ్జాండర్ గ్రాహం బెల్ టెలిఫోనునకు పేటెంటు పొందెను. 1878 నాటికి ఎక్స్ఛేంజిలు వెలసినవి. ఒక చందాదారు తీగను వేరొకని తీగతో చేతితో కలుపుటకు పావంగుళపు ప్లగ్గును వాడిరి. నేడు గిటారు తీగ చివరను, పెద్ద హెడ్‌ఫోనుల చివరను కనబడు 6.35 మిల్లీమీటర్ల ప్లగ్గు దాని సంతతియే. 1881లో బెల్ పెనవేసిన జంటతీగకు పేటెంటు పొందెను. ప్రక్కనే పోవు తీగల రొద చేరకుండుటకు అది ఉపాయము.

అప్పటి టెలిఫోనునకు యాంప్లిఫయరు లేదు. పుట్టిన శక్తియే చివరిదాక పోవలెను. కాబట్టి పంపు యంత్రమునకును గ్రహించు యంత్రమునకును విద్యున్నిరోధము సమానముగా నుండవలెనని నియమించిరి. శక్తి అధికముగా చేరుటకు అదే మార్గము. 600 ఓముల లెక్క ఆ కాలపుదే. 1906లో లీ డి ఫారెస్టు ఆడియను దీపమును నిర్మించెను. దానిని మెరుగుపరచి, 1915లో న్యూయార్కు నుండి శాన్‌ఫ్రాన్సిస్కో వరకు మాటను పంపిరి. యాంప్లిఫయరు వచ్చిన తరువాత శక్తిని పొదుపుచేయవలసిన అగత్యము తగ్గినది. సంకేతపు రూపము చెడకుండ చేరుటయే ముఖ్యమైనది. అందుచేత నియమము మారినది: పంపుదాని నిరోధము తక్కువగాను, గ్రహించుదాని నిరోధము కనీసము పదిరెట్లు ఎక్కువగాను ఉండవలెను. నేడు కంప్యూటరునకును యాంప్లిఫయరునకును నడుమ చెల్లునది ఈ రెండవ నియమమే.

తరువాత ఒక్కొక్క వాడుకకు ఒక్కొక్క ప్లగ్గు పుట్టినది. గ్రామఫోను యంత్రమును రేడియోకు కలుపుటకు ఆర్.సి.ఏ. సంస్థ చిన్న ప్లగ్గును వాడినది. నేటి కెంపు, తెలుపు తీగల జంట దాని రూపమే. ట్రాన్సిస్టరు రేడియోలతో 3.5 మిల్లీమీటర్ల సన్న ప్లగ్గు వ్యాపించినది. ప్రసారకేంద్రములలోను సభలలోను మూడు కాళ్ళ ఎక్స్.ఎల్.ఆర్. ప్లగ్గు స్థిరపడినది. దానిలో రెండు కాళ్ళు ధ్వనికి, ఒకటి తీగ చుట్టునున్న కవచమునకు.

4. కంప్యూటరునకు కంఠము వచ్చుట

కంప్యూటరునకు మొదట కలిగిన శబ్దము సంగీతమునకై గాదు. ఆస్ట్రేలియాయందలి సిసిరాక్ యంత్రమునకును, ఇంగ్లండునందలి ఫెరాంటి మార్క్ 1 యంత్రమునకును స్పీకరును తగిలించినది, లెక్క నడచుచున్నదో నిలిచిపోయినదో పనివారికి తెలియుటకు. గనిలోని గంటవలె అదియు ఒక సంకేతమే. 1951 నాటికి ఆ సంకేతమునే వేగముగా పలుమార్లు మ్రోగించి పాటలు పలికించిరి. 1957లో బెల్ పరిశోధనాలయమున మాక్స్ మాథ్యూస్ సంఖ్యలనుండి నేరుగా ధ్వనితరంగమును నిర్మించు ప్రోగ్రామును వ్రాసెను. సంఖ్యలను విద్యుద్బలముగా మార్చు సాధనము ఆనాటి నుండి కంప్యూటరునకు కంఠమైనది.

1981లో వచ్చిన ఐ.బి.ఎం. పర్సనల్ కంప్యూటరునందు చిన్న స్పీకరు మాత్రముండెను. 1989లో సింగపూరునకు చెందిన క్రియేటివ్ సంస్థ సౌండ్ బ్లాస్టర్ కార్డును తెచ్చిన పిదప ఇండ్లలోని కంప్యూటరులు వాయిద్యమును, మాటను పలుకనేర్చినవి. 1982లో వచ్చిన కాంపాక్ట్ డిస్కు సెకనుకు 44,100 మార్లు ధ్వనిని కొలిచి, ప్రతి కొలతను 65,536 మెట్లలో నొకదానిగా వ్రాయును. మనిషి చెవి వినగల ఎత్తైన స్వరము సెకనుకు 20,000 కంపనములు. దానికి రెట్టింపునకు మించిన కొలతలుండవలెనను సూత్రమును బట్టి ఆ సంఖ్య ఏర్పడినది.

సంఖ్యలుగా నున్న ధ్వనిని సంఖ్యలుగానే బయటికి పంపు దారులును వచ్చినవి. 1983లో తోషిబా సంస్థ కాంతితో ధ్వనిని మోయు తీగను తెచ్చినది. 1996లో యు.ఎస్.బి., 2002లో హెచ్.డి.ఎం.ఐ. ప్రమాణములు వెలువడినవి. ఇట్లు ఒకే పనికి అరడజను రంధ్రములు ఏర్పడినవి. ఎన్నుకొనువానికి చిక్కు ఇచ్చటనే మొదలైనది.

5. సంధిసూత్రములు

వ్యాకరణమున వర్ణములకు కలుగు మార్పులు లోపము, ఆగమము, ఆదేశము అని మూడు విధములు. కంప్యూటరు, యాంప్లిఫయరుల సంధిలో కలుగు దోషములును ఈ మూడే. ఉండవలసినది పోవుట లోపము. లేనిది వచ్చి చేరుట ఆగమము. ఒకదాని చోట మరొకటి వినబడుట ఆదేశము. దోషము ఏ జాతిదో తెలిసినచో మందు తెలియును.

మొదట ఆదేశము. కంప్యూటరు వెనుక రంగుల రంధ్రములున్నచో సామాన్యముగా పచ్చనిది ధ్వని వెలువడు లైను, గులాబిరంగుది మైకు, లేతనీలము లోనికి వచ్చు లైను. పచ్చనిదానినుండి వచ్చు బలము వోల్టునకు అటునిటు. మైకునుండి వచ్చు బలము కొన్ని మిల్లీవోల్టులే. కావున కంప్యూటరు తీగను యాంప్లిఫయరులోని మైకు రంధ్రమున గ్రుచ్చినచో వందలరెట్లు అధికబలము చేరి తరంగపు తలలు తెగును; మాట బొంగురుపోవును. ఫోనో అని వ్రాసిన రంధ్రమును గ్రామఫోను ముల్లునకే. 1954లో స్థిరపడిన ప్రమాణమును బట్టి అది మంద్రస్వరములను పెంచును, తారస్వరములను తగ్గించును. కంప్యూటరునకు తగినది లైను లేక ఆక్స్ అని వ్రాసినది. యాంప్లిఫయరు నుండి స్పీకరునకు పోవు తీగను కంప్యూటరునందు గ్రుచ్చుట యెన్నడును కూడదు, కంప్యూటరు చెడును.

బలమును ఎచ్చట నిర్ణయింపవలెను? కంప్యూటరునందలి ధ్వనిమట్టమును దాదాపు నిండుగా నుంచి, హెచ్చుతగ్గులను యాంప్లిఫయరున చేయుట మేలు. కంప్యూటరులో బలమును సగము చేసినపుడెల్ల మెట్లలో సగము పోవును. తీగలోని రొద మాత్రము తగ్గదు. తరువాత యాంప్లిఫయరును పెంచినచో రొదయు దానితో పెరుగును. పుట్టినచోటనే బలమును చేకూర్చవలెనను జియోఫోను నియమమే యిది.

రెండవది ఆగమము. సామాన్యముగా ఇది హుం అను రొద. మన విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తులది. కంప్యూటరు ఒక గోడ ప్లగ్గునను, యాంప్లిఫయరు దూరపు వేరొక ప్లగ్గునను ఉన్నపుడు రెంటి ఎర్తుల నడుమ స్వల్పభేదముండును. ఆ భేదము ధ్వనితీగ కవచముమీద ప్రవహించి రొదయగును. రెంటిని ఒకే విద్యుత్ పలకకు చేర్చుట మొదటి మందు. ధ్వనితీగ నడుమ వేర్పాటు ట్రాన్స్‌ఫార్మరు నుంచుట రెండవది. కాంతితీగను వాడుట మూడవది. దానిలో లోహము లేదు గనుక ఆ దారిని రొద చేరదు. రొద పోవునని ప్లగ్గు నుండి ఎర్తు కాలిని తీసివేయువారు కలరు. అది ప్రాణమునకు ముప్పు, ఎన్నడును చేయరాదు.

మూడవది లోపము. ఇది అన్నిటికన్న వింతైనది. కంప్యూటరు ప్లగ్గునందు కుడి, ఎడమ అను రెండు ధ్వనులుండును. ఎక్స్.ఎల్.ఆర్. జాతి రంధ్రము జంటతీగల నడుమ భేదమును మాత్రమే గ్రహించును. రొదను తీసివేయుట కది ఏర్పడిన ఉపాయము. కాని కుడిఎడమల జంటను తెలియక ఆ రంధ్రమునకు కలిపినచో, రెండు ప్రక్కల సమముగా నున్న ధ్వని రొదగా భావింపబడి తొలగిపోవును. పాటలో గాయకుని కంఠము సామాన్యముగా రెండు ప్రక్కల సమానము. కావున వాద్యములు ఛాయగా వినబడును, గాయకుడు మాయమగును. ఒకే మైకుతో తీసిన ఉపన్యాసమైనచో పూర్తిగా నిశ్శబ్దము. యంత్రము చెడలేదు, ప్రోగ్రాము చెడలేదు, సంధి చెడినది. కుడిఎడమలను ఒకటి చేయవలసినపుడు ఒక్కొక్కదానికి తగిన నిరోధకము నుంచి కలుపవలెను, లేదా ఆ పనికై చేసిన పెట్టెను వాడవలెను. తీగలను ఊరక మెలివేయరాదు.

ప్రోగ్రామునందలి అమరికవలనను లోపము కలుగును. గది యందు రెండే స్పీకరులుండగా కంప్యూటరునందు ఆరు ధ్వనుల పద్ధతిని ఎన్నినచో నడిమి స్పీకరునకు పోవలసిన సంభాషణ పోవుటకు చోటుండదు. హెచ్.డి.ఎం.ఐ. తీగను తగిలించినపుడు ధ్వని టెలివిజనునకు మరలిపోయి యాంప్లిఫయరు మూగయగుట సాధారణము. కావున ధ్వని ఏ దారిని పోవలెనో, ఎన్ని స్పీకరులున్నవో, సెకనుకు ఎన్ని కొలతలో, ఈ మూడింటిని కంప్యూటరు అమరికలలో ముందుగా చూచుకొనవలెను. కేజి ఎక్కుటకు ముందు గంట ఒప్పందము వంటిదే యిది.

ఇక ఎన్నిక. కంప్యూటరు, యాంప్లిఫయరు ఒకే బల్లమీద నున్నచో పచ్చరంధ్రము నుండి కెంపు తెలుపు తీగల జంట చాలును. కంప్యూటరులోపలి యంత్రముల కీచుధ్వని తీగలో వినబడినచో, సంఖ్యలను ధ్వనిగా మార్చు సాధనమును యు.ఎస్.బి. మీద బయట నుంచుట మేలు. ఎర్తు రొద యున్నచో కాంతితీగ. సభామందిరమున వేదిక నుండి యాంప్లిఫయరు దూరమైనచో జంటతీగ, ఎక్స్.ఎల్.ఆర్. ప్లగ్గు. ఖరీదైన తీగవలన కలుగు మేలుకన్న సరియైన రంధ్రమువలన కలుగు మేలు ఎక్కువ.

6. ముగింపు

గనులు మూతపడి రెండు దశాబ్దములు దాటినవి. లోపలికి దిగినవారిలో మిగిలినవారు వృద్ధులు. షాఫ్టు, కేజి, షిఫ్టు వంటి ఆంగ్లపదములు, తమిళ కన్నడముల పలుకుబడులు కలిసిన వారి తెలుగు మరొకచోట పుట్టలేదు, పుట్టబోదు. అట్టివారి మాటలు, భజనపాటలు ఏ యింటి పెట్టెలోనో క్యాసెట్టుగా నున్నచో దానిని కంప్యూటరున కెక్కించుటకు ఇదియే తరుణము. అయస్కాంతపు పూత కాలక్రమమున క్షీణించును. ఆ పనికి కావలసినది ఈ సంధియే, దిక్కు మాత్రము వేరు: క్యాసెట్టు యంత్రపు లైను నుండి కంప్యూటరు లేతనీలపు రంధ్రమునకు. గులాబిరంగు దానిలో గ్రుచ్చినచో ఆ కంఠము శాశ్వతముగా బొంగురుపోయి నిలుచును. పిదప ఏ యంత్రమును దానిని బాగుచేయజాలదు.

శిల పలికిన సన్నని పలుకును వినుటకు ఈ గనులలో ఎన్ని తీగలు పరచిరో, ఎంత లెక్క చూచిరో పైన చెప్పబడినది. ఆ శిలనడుమ పనిచేసిన మనిషి పలుకునకు అందులో నూరవపాలు శ్రద్ధ చాలును. ఒక తీగ, సరియైన ఒక రంధ్రము, తగిన ఒక మట్టము. ఈ మూడును కుదిరినచో కోరమండల్ వృద్ధుని తెలుగు అతని మనుమల మనుమలకును అక్షరలోపము లేక వినబడును.